గింజలెన్ని?

కుళ్లాయప్ప మండీకి, ఉరవకొండలో,
సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి వచ్చింది,
శెనక్కాయ గోతాల నడుమ
పాత బొంతలో చుట్టుకొని.
అమ్మినోడు అనంతపురం టవర్ క్లాక్ దగ్గరోడు.
"నాలుగు కోర్లన్నా, గుర్రం" అన్నాడంట.
గుర్రమో గాడిదో తేల్చమని
నన్ను పిలిపించినారు.

"కోరంటే ఏందప్పా?" గుమాస్తా ఓబులేసు అడిగినాడు.
లోపల పనిచేసే గింజ మామా, అన్నా.
ఆ మాట ఆయనతో అనకుండా ఉండాల్సింది.
ముప్పై ఎనిమిదేండ్లుగా ఆయన పని గింజలే.

గోతాంలో చెయ్యి పెట్టి ఒక కాయ తీస్తాడు.
కండ్లు మూసుకొని చెవి దగ్గర ఆడిస్తాడు.
ఒంటి గింజయితే మొద్దుగా కొట్టుకుంటుంది.
రెండయితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి.
మూడయితే చోటు చాలక నోరెత్తవు.
పుచ్చుదయితే దుమ్ము కదిలిన చప్పుడు.
రైతు మొగం చూడకుండానే రేటు చెప్తాడు.

వచ్చి క్యాబినెట్‌కు చెవి ఆనించినాడు.
"ఫ్యాను తప్ప ఏమీ పలకడంలే.
ఎత్తి ఆడిచ్చేదానికీ లేదు."

మూడు మీటలు కలిపి నొక్కినా.
టాస్క్ మేనేజర్ తెరుచుకుంది.
పర్ఫార్మెన్స్ అన్న చోట ఒకటే గీత, నీలంగా,
ఆస్పత్రి మంచానికి తగిలించిన
జ్వరం కాగితం మాదిరి ఎక్కి దిగుతా ఉంది.
"ఒకటేనా?" అన్నాడు, గెలిచినట్టు.
తొందరపడొద్దు, ఇది పైతొక్క.
గీత మీద మౌసు కుడి మీట నొక్కి
విడివిడిగా చూపించమంటే
నాలుగు గళ్లు పరుచుకున్నాయి,
కల్లంలో నాలుగు కుప్పలు పోసినట్టు.

"సరిపాయె," కుళ్లాయప్ప గద్దె మీంచే అన్నాడు,
దుడ్లు లెక్కబెడతా.

అక్కడ ఆగి ఉంటే నాకు రెండొందలు, ఒక టీ.
ఆగబుద్ధి కాలేదు.
కింద చిన్న అక్షరాలుంటాయి,
బ్యాంకు కాగితాల అడుగున ఉన్నట్టు,
ఎవరూ చదవనివి.
కోర్లు: 2.
లాజికల్ ప్రాసెసర్లు: 4.

ఎట్లా చెప్పేది?
ఒక్కో గింజా రెండుగా నటిస్తుంది మామా.
ఒక పని ఊపిరి పీల్చుకునే సందులో
ఇంకో పనికి చెయ్యందిస్తుంది.
మోసమూ కాదు,
అట్లని నిజంగా రెండూ కాదు.

ఓబులేసు చానాసేపు తెర వైపే చూసినాడు.
"అంటే
రెండు గింజలు, నాలుగు చప్పుళ్లు."

నాలుగేండ్లు ఇంజనీరింగ్ చదివినా
ఇంత పొట్టిగా నాకెవరూ చెప్పలేదు.

తరుగు పుస్తకం తీసినాడు.
మట్టికింత, తేమకింత, పుచ్చుకింత.
ఆ కింద కొత్త గడి గీసి
"చప్పుడుకు" అని రాసినాడు.
టవర్ క్లాక్‌కు ఫోను చేసి
పదకొండు వందలు కోసినాడు.
అవతలి గొంతు ముందు అరిచింది,
తర్వాత "సరేలేన్నా" అనింది.

ఇంతా చేసి
మండీ లెక్కల ప్రోగ్రాం ఎక్కించి నడిపితే
నాలుగు గళ్లలో ఒక్కటే లేచింది,
నిలువునా, నూటికి నూరు.
తక్కిన మూడూ అడుగున పడుకున్నాయి.
పాత ప్రోగ్రాం. ఒంటి గింజ కాలంలో రాసింది.
పక్కన ఇంకొకటి ఉందని దానికి తెలీదు.

వాకిట్లో లారీకి ఆనించిన పలక ఒకటే.
మూటతో ఎక్కుతున్నది నల్లమల్లేశు.
ముగ్గురు హమాలీలు చక్రం నీడలో బీడీలు కాలుస్తా
వంతు కోసం కూర్చున్నారు.
ఓబులేసు అటొకసారి, తెర వైపొకసారి చూసినాడు.
ఏమీ అనలేదు.
గోడవారకు పోయి
రెండో పలక ఈడ్చి వేయించినాడు.

ప్రోగ్రాంకు రెండో పలక వేయడం
నాకు చేతకాదు.
అది ఆయనకు చెప్పలేదు.

పొయ్యేముందు నా చెవి దగ్గర ఒక కాయ ఆడించినాడు.
"చెప్పు."
ఏమీ వినపడలేదు.
మూడన్నా ఉండాల, లేకుంటే
అసలేమీ ఉండకూడదు.
నవ్వి, నా జేబులో వేసినాడు.

బస్సు కూడేరు దాటింది.
పక్క సీటాయన రెండుసార్లు అడిగినాడు,
చేతిలో ఏందని.
ఇంకా పగలగొట్టలేదు.